చెంబులో ఇసుక

పళ్ల డాక్టరు గది గోడమీద ఒక పెద్ద బొమ్మ వేలాడదీశారు. కళ్లూ ముక్కూ ఉన్న పన్ను, నవ్వుతూ ఉంటుంది. దాని కింద పళ్లకు చెరుపు చేసే అలవాట్లు వరసగా అచ్చు వేయించారు. నా మనవరాలు నా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదువుతూ, ప్రతిదానికీ ఒకసారి నా మొహంలోకి చూసింది. గట్టిగా రుద్దడం, పళ్లతో దారం తెంచడం, తీపి తిని పుక్కిలించకుండా పడుకోవడం, ఐసు నమలడం.

"నానమ్మా, ఇండ్ల నువ్వు చెయ్యనిదేమన్న ఉన్నదా?" అంది.

"ఐసు" అన్నాను. "మా కాలంలో దొరకలేదు కాబట్టి."

నా నోట్లో మిగిలినవి నాలుగు పళ్లు. అందులో ఒకటి కదులుతోందని తీయించడానికి తీసుకొచ్చింది. డాక్టరమ్మ చిన్నపిల్ల. అద్దం పుల్ల నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పి, "ఈ వయసులో కూడా వీటిమీద ఒక్క మచ్చ లేదు. మీది ఈ నల్లగొండ వైపు కాదా అమ్మా?" అని అడిగింది. ఈ వైపే అన్నాను. మళ్లీ ఎందుకో అనుమానం వచ్చి, కాదేమో అన్నాను. ఆమె నవ్వి, చిన్నప్పుడు దేంతో తోముకునేవారని అడిగింది.

"ఇసుకతో" అన్నాను.

"ఇసుకతోనా! పంటి పైపొర అంతా గీసుకుపోతుంది కదమ్మా" అని తల ఊపి, చిగురుకు సూది వేసి, మొద్దుబారేదాకా బయట కూర్చోమంది. బయటికి వచ్చి కూర్చున్నాక నాకు తోచింది, నేను ఇసుకతో తోముకున్నది మొత్తం తొమ్మిది రోజులే. నెలల తరబడి తోముకున్నది నేను కాదు, మా చెల్లె. నా నోట్లోంచి ఆమె మాట ఎందుకు వచ్చిందో నాకే అర్థం కాలేదు.

చెల్లె అంటే నా తోడబుట్టింది కాదు, మా చిన్నాయన బిడ్డ. నాకన్నా ఆరు నెలలు చిన్న. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయారట. ఆ ఇంట్లో పిల్లలు నిలవడం లేదని, నేను పుట్టగానే అమ్మమ్మ నన్ను తన దగ్గరే ఉంచుకుంది. అమ్మమ్మది పాలమూరు వైపు, వాగు ఒడ్డున ఉన్న ఊరు. నన్ను బాపు వచ్చి నల్లగొండ వైపున్న మా సొంత ఊరికి తీసుకొచ్చేసరికి నాకు తొమ్మిదేళ్లో పదేళ్లో. పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చేశాయి. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది. నాకైతే తెలియడానికి సగం జీవితం పట్టింది.

మాది గొర్రెల కాపరుల ఇల్లు. ఇంట్లో అడుగుపెడితే తడిసిన గొంగడి వాసన, మేకపాలు పొంగిన వాసన, పిడకల పొగ అన్నీ కలిసి మీద పడేవి. మొదటిరోజు వాకిట్లో బండి దిగగానే వాడకట్టు పిల్లలంతా నా చుట్టూ మూగారు. నేను నవ్వాను. వాళ్లు నా మొహం చూడలేదు, నోరు చూశారు. నేనూ వాళ్ల నోళ్లు చూశాను. అందరి పళ్లకూ అడ్డంగా పసుపూ గోధుమా కలిసిన చారలు. కొందరికి సున్నపు మచ్చలు, కొందరికి చిన్న చిన్న గుంటలు. అందరూ కలిసి ఎక్కడో ఏదో ఒకే పండు తిని వచ్చారనుకున్నాను. నాకు మిగల్చలేదని కాస్త కోపం కూడా వచ్చింది. మర్నాడు చూశాను, ఆ చారలు అట్లాగే ఉన్నాయి. ఆ పండు ఏమిటో చెల్లెను అడిగాను. చెల్లె పెదవులు మూసుకుంది.

మా అవ్వ, అంటే బాపు తల్లి, ఆ చారలకు రోజుకొక కారణం చెప్పేది. ఒకరోజు బెల్లం వల్ల అనేది. ఇంకోరోజు చింతకాయ వల్ల అనేది. పులుపు తిన్న నోటితో పాలు తాగినందుకని, పడమటి దిక్కు తిరిగి మొహం కడుక్కున్నందుకని, రాత్రి పేలాలు తిని అట్లాగే పడుకున్నందుకని. అవ్వకు అప్పటికే ముందు పళ్లు లేవు. మెడ బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే మనిషంతా తిరిగేది. బరువులు మోసీ మోసీ అట్లా అయ్యిందని చెప్పేది. ఆ తిరగడంలోనే ఎవరి నోరు ఏం నములుతోందో కనిపెట్టేది.

"పాడిందే పాట పాచిపండ్ల దాసరని ఎన్నిసార్లు జెప్పాలె మీకు? తోముకోండ్రే, జర గట్టిగ తోముకోండ్రి!" అని పొద్దున్నే నీళ్ల గోలెం దగ్గర నిలబడి అరిచేది.

ఆ అరుపులకు నిజంగా చెవి ఒగ్గింది చెల్లె ఒక్కతే. వేపపుల్ల నమిలి కుంచెలాగా చేసి, పై పన్ను కింది పన్ను లెక్కగా తోముకునేది. బెల్లం ముట్టేది కాదు. ఏం తిన్నా పుక్కిలించేది. సీతాఫలాల కాలంలో పిల్లలందరం గుట్టమీద గింజలు ఉమ్ముతూ తిరుగుతుంటే, తాను ముంత నీళ్లు వెంట తెచ్చుకునేది. అయినా ఆమె పళ్లే అందరికన్నా ముదురు రంగులో ఉండేవి.

ఇక నా సంగతి. వేపపుల్ల చేదని అవ్వ అటు తిరగగానే గోడమీద నుంచి విసిరేసేదాన్ని. బెల్లం ముక్క దొంగిలించి బుగ్గలో పెట్టుకుని, కరిగేదాకా మాట్లాడకుండా తిరిగేదాన్ని. యాట కోసిన రోజు బొక్కలు పటపటా కొరికి మూలుగ పీల్చేదాన్ని. గొర్రెలను కట్టే తాడు ముడి పడితే బాపు నన్నే పిలిచేవాడు, పళ్లతో లాగి ఊడదీస్తానని. నా పళ్లు మాత్రం గిన్నెలో పోసిన మజ్జిగలా తెల్లగా ఉండేవి. ఇది ఎట్లా జరుగుతుందో అవ్వకూ తెలియదు, నాకూ తెలియదు. "దాని పండ్లు మొండియి" అని అవ్వ తేల్చేసింది. తప్పు చేసిన నోరు తెల్లగా, చెప్పినమాట విన్న నోరు పచ్చగా ఉంటే, ఏది మంచి అలవాటో ఏది చెడ్డదో నాకు తలకెక్కేది కాదు.

మా ఊళ్లో రెండు బావులు. ఉప్పుబాయి గొడ్లకు, తియ్యబాయి మనుషులకు. తియ్యబాయిని మా తాతల కాలంలో బండ పగలగొట్టి తవ్వారట. ఆ నీళ్లంటే ఊరికి మహా గర్వం. దానితో పప్పు పెడితే ఇట్టే ఉడికేది. చుట్టం వస్తే ముందు ఆ నీళ్ల చెంబే చేతికి ఇచ్చి, తాగేదాకా మొహం చూస్తూ నిలబడేవాళ్లు, తియ్యగా ఉన్నాయని అనాలి కదా. "నోరు మంచిదైతే ఊరు మంచిదైతది" అని అవ్వ అంటుండేది. ఆ నీళ్లు తాగిన నోళ్లు మంచివి కావడానికి ఏం అడ్డమో మరి.

నేను వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలం మా చిన్నత్త పెండ్లి కుదిరింది. చిన్నత్త బాపుకు ఆఖరి చెల్లెలు. చెల్లెను చంకన వేసుకుని పెంచింది ఆమే. పెండ్లికొడుకుది కూడా పాలమూరు వైపే, వాగు పక్క ఊరు. మాలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త పెండ్లికూతురుకు తోడుగా ఇంటి ఆడపిల్ల ఒకతె అత్తారింటికి వెళ్లి తొమ్మిది రోజులు ఉండి వస్తుంది. ఆ పిల్లకు కొత్త లంగా, రైక కుట్టిస్తారు. పెండ్లికూతురు పక్కన బండిలో కూర్చోబెడతారు. దిగగానే కాళ్లు కడుగుతారు. చిన్నత్త వెంట వెళ్లేది చెల్లేనని ఊరంతా అనుకున్నారు. చెల్లె రెండు నెలల ముందునుంచే అందరికీ చెప్పుకుంది.

నిశ్చయం చేసుకోవడానికి మగపెండ్లివారి ఆడవాళ్లు వచ్చినప్పుడు చిన్నత్త తలవంచుకుని పెదవులు కలిపి కూర్చుంది. ఆమెకు ఆ విద్య ముందే తెలుసు. చెల్లెకు తెలియలేదు. శనగ గుడాల గిన్నె వాళ్ల ముందు పెట్టి, సంబరంగా నవ్వింది. వాళ్లలో ఒకావిడ చెల్లె గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఏమ్మా, మీ ఊర్ల పసుపు మొకానికి రాస్తరా, పండ్లకు రాస్తరా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నిజం చెప్పుకోవాలి కదా, నేను కూడా నవ్వాను. ఆ పూటనుంచి చెల్లె నవ్వినప్పుడల్లా అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకునేది.

వాళ్లు వెళ్లాక అవ్వ ఆలోచనలో పడింది. "తోడు పిల్ల తెల్లటి నోటిది గావాలె. లేకుంటె మొదటి దినమే మన పిల్లను నవ్వులపాలు జేస్తరు. పెద్దదాన్ని పంపుదమా?" అంది. పెద్దదంటే నేను. చిన్నత్త ఏడ్చింది. పెండ్లికి ఇంకా ఇరవై రోజులుంది కదా, చూద్దామన్నాడు బాపు. ఏం చూద్దామన్నాడో ఆయనకే తెలియాలి.

చెల్లెకు మాత్రం తెలిసింది. ఆ మధ్యాహ్నం గొర్రెల దొడ్డి వెనక నన్ను పట్టుకుంది.

"అక్కా, నీ పండ్లు ఎట్ల తెల్లగున్నయ్? ఏం బెట్టి తోముతవ్? ఒట్టు, ఎవ్వలకు జెప్ప."

ఏమీ పెట్టనని చెప్పడానికి నోరు రాలేదు. ఒకటి, సిగ్గు. రెండు, నన్ను అంత గౌరవంగా ఆ ఊళ్లో ఎవరూ ఏదీ అడగలేదు. మూడోది కూడా ఉంది, ఇన్నేళ్లూ దాన్ని పక్కకు నెట్టుతూ వచ్చాను. నాకు ఆ కొత్త రైక కావాలి. ఆ మూడింటిలో ఏది నా చేత ఆ మాట అనిపించిందో ఇప్పటికీ చెప్పలేను.

"కుమ్మరోల్ల వామి కాడ కుండపెంకులుంటయ్ సూడు, అయి మెత్తగ దంచాలె. ఉప్పు గలపాలె. పొద్దుగాల, పొద్దుమూకి తోమాలె. చిగుర్లకెల్లి రక్తం రావాలె. రక్తమొస్తే మురికి వోతున్నట్టు" అన్నాను. అబద్ధం చెప్పేటప్పుడు వివరాలు వాటంతట అవే వస్తాయి. "ఎవ్వలకన్న జెప్తే పని జెయ్యది" అని కూడా కలిపాను.

చెల్లె చెప్పలేదు. దొడ్డి వెనక రాయిమీద పెంకులు దంచింది. పొడిని అరటాకులో మూటకట్టి చూరులో దాచుకుంది. రోజూ రెండుసార్లు వెళ్లి, వేలిమీద అద్దుకుని రుద్దేది. నాలుగోరోజు నాకు భయం వేసింది, ఉమ్మిలో ఎర్రగా కనిపించింది. ఆపమందామనుకున్నాను. చెల్లె మొహం పైకెత్తి, ఎర్రబడ్డ నోటితో, "తెల్లగయితున్నయా అక్కా?" అని అడిగింది. నాకు నిజంగానే కొంచెం తెల్లబడ్డట్టు అనిపించింది. చూడాలనుకున్నది కనిపించడమంటే ఇదే కాబోలు. "అయితున్నయే" అన్నాను.

పెండ్లి ముందురోజు చిగుళ్లు వాచి చెల్లె మొహం ఒకవైపు ఉబ్బింది. పందిట్లో గుడాలు పెడితే ఆకలికి గబగబా నోట్లో వేసుకుని కొరికింది. ముందుపన్ను అంచు విరిగి చేతిలో పడింది. వాళ్లమ్మ, అంటే మా చిన్నమ్మ, పరుగెత్తుకొచ్చింది.

"బెల్లం దొంగతనంగ తింటున్నది! అందుకే గిట్ల అయ్యింది!" అని అవ్వ అరిచింది. చిన్నమ్మ పెండ్లింటి పని అలసటంతా కలిపి చెల్లె వీపుమీద రెండు దెబ్బలు వేసింది. పందిట్లో పాకం కాగుతున్న వాసన, నూనె వాసన, మల్లెపూల వాసన. నేను పందిరి గుంజ పట్టుకుని నిలబడ్డాను. చెల్లె నావైపు చూసింది. బెల్లం తినలేదని కూడా అనలేదు. చెబితే పని చెయ్యదన్నాను కదా, ఇంకా పని చేస్తుందనే అనుకుంటోంది.

తోడుగా నేనే వెళ్లాను. పచ్చరైక తొడుక్కున్నాను. రెండు రోజుల బండి దారిలో చిన్నత్త ఒక్కసారి కూడా నాతో మాట్లాడలేదు.

చిన్నత్త అత్తారి ఊళ్లో నా తల మరింత తిరిగింది. పొద్దున్నే ఊరంతా వాగులోకి దిగేవారు. ఇసుకలో చిన్న గుంత తోడితే నీరు ఊరుతుంది, దాన్ని చెలిమె అంటారు. ఆ చెలిమెల పక్కన గొంతుకూర్చుని, దోసెట్లో ఇసుక తీసుకుని పళ్లకు రుద్ది, ఆ నీళ్లతోనే పుక్కిలించేవారు. ఆ నీళ్లే కడవల్లో మోసుకుపోయి తాగేవారు. పిల్లలు చెరుకు గానుగ దగ్గర వేడి బెల్లం వేళ్లతో నాకి, పుక్కిలించకుండానే పడుకునేవారు. చిన్నత్త అత్తగారి తల్లి, పండు ముసలి, చింతగింజలు వేయించినవి నా ముందే కటుక్కున కొరికింది. మా అవ్వ తప్పని చెప్పినవన్నీ ఆ ఊరు కూర్చుని చేస్తోంది, అందరి పళ్లూ తెల్లగా ఉన్నాయి.

నేను ఆ ముసలమ్మనే అడిగాను, "అవ్వా, మీ పండ్లకు ఏం బెడ్తరు?"

"ఏం బెడ్తం బిడ్డా! గీ ఇసుకనే" అంది.

నాకు ప్రపంచం అంతా ఒక్కసారిగా అర్థమైపోయినట్టు అయ్యింది. అమ్మమ్మ ఊళ్లో కూడా వాగుంది, అక్కడా ఇసుకుంది. చిన్నప్పుడు నేనూ ఆ ఇసుకలోనే ఆడాను, నోట్లో వేసుకునే ఉంటాను. మా ఊళ్లో వాగు లేదు, అంతా మొరం నేల. ఇంత చిన్న సంగతి మా అవ్వకు ఎట్లా తట్టలేదా అనుకున్నాను. నేను చెప్పిన అబద్ధానికి పక్కనే నిజం ఉందని, దాన్ని చెల్లెకు తీసుకెళ్లి ఇస్తే లెక్క సరిపోతుందని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ తొమ్మిది రోజులూ నేనూ ఇసుకతోనే తోముకున్నాను.

తొమ్మిదోరోజు చిన్నాయన బండి కట్టుకుని నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. చిన్నత్త అప్పటికి కాస్త మెత్తబడింది. పుట్టింటికి పంపడానికి ఏమీ లేక, రాగిచెంబు నిండా చెలిమె నీళ్లు పోసి, మూతికి బట్టకట్టి నా చేతికిచ్చింది.

"అవ్వకు జూపెట్టు, ఎంత తేటగున్నయో. మన బాయి నీళ్ల లెక్క గాదు, వీటికి పప్పు జల్ది ఉడుకుతలేదు గని, తాగుతె పానం సల్లగయితది. చెల్లెకు తాపు. అత్త గుర్తుజేసిందని జెప్పు" అంది. చెప్తూ చెప్తూ కొంగు నోట్లో కుక్కుకుంది.

బండి ఊరు దాటి వాగులోకి దిగింది. ఎడ్లకు నీళ్లు తాపుదామని చిన్నాయన కాడి విప్పాడు. నేను చెంబు పట్టుకుని దిగాను. ఊరివాళ్లు తోముకునే చోటే ఇసుక తెల్లగా, సన్నగా ఉంది. నా దగ్గర వేరే గిన్నె లేదు. కొత్త లంగాలో మూటకడితే మాసిపోతుంది. చెంబు మూతి విప్పి, నీళ్లన్నీ ఇసుకలో పారబోశాను. అడుగు చుక్క కూడా లేకుండా దులిపి, ఇసుక నింపి, మళ్లీ బట్టకట్టాను.

"గంత బరువేందే?" అన్నాడు చిన్నాయన చెంబు అందుకుంటూ.

"నీళ్లు" అన్నాను.

ఇల్లు చేరాక చెల్లెను దొడ్డి వెనక్కి తీసుకెళ్లి చెంబు మూతి బట్ట విప్పాను. కుండపెంకు సంగతి ఎత్తలేదు, అంత ధైర్యం లేదు. ఇది దానికన్నా మంచిది, ఊరు ఊరంతా చేస్తోంది, నా కళ్లతో చూశానని చెప్పాను. చెల్లె ఇసుక చేతిలోకి తీసుకుని వాసన చూసింది. నన్ను చూసి నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వింది.

ఆ చెంబెడు ఇసుకను ఆమె ఎన్ని నెలలు వాడుకుందో! రోజుకు ఒక చిటికెడు. సొంత తమ్ముడు అడిగినా పెట్టలేదు. తోముకున్నాక ఉమ్మిన ఇసుకను కూడా కడిగి ఎండబెట్టేది. కొన్నాళ్లకు చల్లని నీళ్లు తాగితే పళ్లు జివ్వుమంటున్నాయంది. గుంటలున్న పళ్లు ఇంకా గరుకుబడ్డాయి. వేడి అంబలి కూడా పుక్కిట పట్టలేక గుటుక్కున మింగేది. నేను వాగు ఇసుకకూ మా ఊరి గాలికీ పడలేదేమో అనుకున్నాను. అంతకన్నా ఏమీ తోచలేదు.

ఇసుక అయిపోయిన చాలా రోజులకు, ఒక దవాఖాన సాబు హైదరాబాదు నుంచి వచ్చాడు. రూమీ టోపీ పెట్టుకున్నాడు. పట్వారి ఇంటి ముందు పిల్లలందరినీ నిలబెట్టి, ఒక్కొక్కరినీ నోరు తెరవమన్నాడు. ఆయనది తుర్కమాట, అంటే ఉర్దూ; పట్వారి తెలుగు చేసి చెప్పేవాడు. వరసలో నా దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. నన్ను వెలుతురులోకి లాగి మళ్లీ చూశాడు.

"ఏ బాయి నీళ్లు తాగుతవని అడుగుతుండు సాబు" అన్నాడు పట్వారి.

"తియ్యబాయి నీళ్లే."

"పుట్టినకాడికెల్లా?"

"కాదు. రెండేండ్ల సంది. గప్పటిదాంక అమ్మమ్మ ఊర్లున్న."

సాబు ఏదో రాసుకున్నాడు. నా వెనక చెల్లె. ఆమె నోట్లోకి చాలాసేపు చూసి, దేంతో తోముతున్నావని అడిగించాడు. చెల్లె నావైపు చూసింది.

"వేపపుల్ల" అంది చెల్లె.

తర్వాత సాబు తియ్యబాయి దగ్గరికి వెళ్లి నాలుగు సీసాలు నింపించి, బిరడాలు బిగించి, పెట్టెలో పెట్టుకున్నాడు. పట్నంలో నీళ్లు లేవు కాబోలు పాపమని పిల్లలం నవ్వుకున్నాం. పోతూ పోతూ పట్వారితో ఒక మాట అన్నాడు.

"ఇదంత నీళ్ల వల్లనట. తియ్యబాయి నీళ్లేనట. తోముడు కాదు, బెల్లం కాదు" అని పట్వారి ఊరికి చెప్పాడు. చెప్పాడే గాని, ఆయన మొహంలో కూడా నమ్మకం లేదు.

అవ్వ మనిషంతా తిరిగి ఆయనవైపు చూసింది. "నీళ్లతోని కడిగితె మురికి వోతది గని, నీళ్లే మురికి జేస్తయా? మా తాతలు తవ్విన బాయి! గా సాబుకు జెప్పు, ఇంకో చెంబు తాగి పొమ్మని."

ఎవరో నవ్వారు. సాబు వెళ్లిపోయాడు. మర్నాడు పొద్దున కూడా అందరం తియ్యబాయి దగ్గరే కడవలు నింపుకున్నాం. వేరే ఎక్కడ నింపుకుంటాం? ఉప్పుబాయి నీళ్లు గొడ్లే సగం తాగి వదిలేసేవి.

నాకు ఆ మాట అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. పెండ్లయి వేరే ఊరు పోయాక, పిల్లలు పుట్టాక, ఎప్పుడో ఒకనాడు కూరగాయలు కడుగుతుంటే చేతిలో చెంబు ఉండగా తట్టింది. వాగు పక్క ఊళ్లో నేను చూసినవి రెండు, ఇసుకా నీళ్లూ. రెండూ ఒకే చోట ఉన్నాయి. నీళ్లను పారబోసి ఇసుకను ఎత్తుకొచ్చాను. ఒక్క చెంబెడు నీళ్లతో చెల్లె పళ్లు మారేవి కావని నాకూ తెలుసు. నా పళ్లు చిగురు కింద ఉన్నప్పుడే అమ్మమ్మ ఊరి వాగు నీళ్లతో తెల్లగా తయారయ్యాయి, ఆమెవి తియ్యబాయి నీళ్లతో అట్లా వచ్చేశాయి, ఇంక ఏ నీళ్లూ వాటిని కడగలేవు. అయినా ఆ మాట నాకు ఎప్పుడూ సర్దిచెప్పుకోవడానికి పనికిరాలేదు.

చెల్లెను ఆ ఊళ్లోనే మేనరికం ఇచ్చారు. జీవితమంతా ఆ బావి నీళ్లే తాగింది. అవ్వకు మెడే బిగిసింది, చెల్లెకు నడుము, మోకాళ్లు, భుజాలు కూడా. ఊరికి కృష్ణ నీళ్లు గొట్టాల్లో వచ్చిన కొత్తలో నేను చూడబోయాను. మంచంమీద కూర్చుని ఉంది. ఇద్దరం ముసలివాళ్లమే. ఆ రోజు అన్నీ చెప్పేశాను.

కుండపెంకు సంగతి మొదలుపెట్టగానే ఆపింది. "అది అబద్ధమని నాకు నాలుగోనాడే ఎరుకే. నువ్వు ఒక్కనాడన్న తోముకోంగ సూడలే."

"మరెందుకు తోమినవే?"

"ఇంకేం జెయ్యాల్నో ఎవ్వలన్న జెప్పిన్రా?" అంది. కోపంగా అనలేదు. "ఇసుక మాత్రం నిజమే అనుకున్న అక్కా. నువ్వు గంత దూరం మోసుకొస్తివి."

అప్పుడు చెంబు సంగతి చెప్పాను. చిన్నత్త ఆమె కోసమే నీళ్లు ఇచ్చిందని, వాగులో పారబోశానని చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. వాకిట్లో కొత్త నల్లా కింద ఎవరో బిందె పెట్టి మరిచిపోయారు, నీళ్లు నిండి కారిపోతున్నాయి.

"గా నీళ్లు తియ్యగుండెనా అక్కా?" అని అడిగింది.

తొమ్మిది రోజులు తాగాను. దోసిళ్లకొద్దీ తాగాను. ఎంత తలచుకున్నా ఆ రుచి నాకు గుర్తురాలేదు.

"ఉండెనే" అన్నాను.

చెల్లె నవ్వింది. అరవై ఏళ్ల తర్వాత మొదటిసారి ఆమె నోరంతా చూశాను, విరిగిన పన్నుతో సహా. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. పెట్టుకోవాలని అనిపించలేదో, భుజం పైకి లేవలేదో, నాకు తెలియలేదు. అడగలేకపోయాను.